పాడుబడ్డ గ్రానైట్ క్వారీని ‘చదవడం’ ఎలా? డార్ట్‌మూర్‌లో ఒక పూట

ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో డార్ట్‌మూర్ అనే ఎత్తు నేల ఉంది. చెట్లు తక్కువ. కంటికి ఆనినంత దూరం గడ్డి, ముళ్లతుప్పలు, కాలు దిగబడే బురద, మధ్యమధ్య తల ఎత్తిన గ్రానైట్ గుట్టలు. ఇలాంటి నేలను అక్కడివాళ్లు మూర్ అంటారు, ఆ గుట్టలను టోర్‌లు అంటారు. 1951 నుంచి ఇది నేషనల్ పార్క్. ప్రిన్స్‌టౌన్ ఊరి పక్కనే ఉన్న ఫాగిన్‌టోర్ క్వారీలో 1820ల నుంచి 1906 దాకా రాయి తీశారు. ఇప్పుడు అక్కడ మిగిలింది నీళ్లు నిండిన గొయ్యి, పైకప్పులు పోయిన గోడలు.

వచ్చినవాళ్లు చాలామంది ఒక మొండిగోడ ముందు ఫోటో దిగి, ఇరవై నిమిషాల్లో తిరుగుముఖం పడతారు. మొదటిసారి నేనూ అంతే. రెండోసారి వెళ్లినప్పుడు తెలిసొచ్చింది, ఇక్కడ గోడలు ముందు చూడాల్సినవి కావని. రాయి గొయ్యిలోంచి లేచి ఏ దారిన బయటికి పోయిందో ఆ దారి పట్టుకుని నడవాలి. అప్పుడు ఏ గోడ ఎందుకు కట్టారో మనకే తెలిసిపోతుంది.

1. రోజు ఎంచుకోండి

మార్చి, ఏప్రిల్ మొదటి వారాలు మంచివి. వేసవిలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుము ఎత్తు పెరిగి పునాదుల్ని కప్పేస్తుంది. చలికాలం దాటేసరికి అది ఎండి నేలకు పడిపోయి, ఇళ్ల గీతలు స్పష్టంగా కనబడతాయి. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితేనే రాతి మీద పనిముట్ల గాట్లు తేలతాయి. మిట్టమధ్యాహ్నం అంతా బూడిదరంగు బండే.

2. సంచిలో ఏం పెట్టుకోవాలి

వాన కోటు, చీలమండ దాకా వచ్చే బూట్లు, నీళ్లు, టార్చి, కొలత టేపు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ల ఓఎల్28 కాగితం మ్యాప్, కంపాస్ కూడా. ఫోన్‌లో మ్యాప్ ఉందిగా అని నేనూ అనుకున్నాను. సిగ్నల్ పోయింది, అదే సమయానికి పొగమంచు దిగింది. పది అడుగుల అవతల ఉన్న గోడ మాయమైంది. టెన్షన్‌లో అటూ ఇటూ తిరగకుండా పక్కనే ఉన్న మరో గోడ చాటున కూర్చున్నాను కాబట్టి సరిపోయింది. ముప్పావుగంటకి మంచు విడిచింది. మీకూ అలా అయితే కదలకండి. గొయ్యి అంచు ఎక్కడుందో కనపడదు.

3. ఇళ్లు కనిపించినా ఆగకండి

టావిస్టాక్ నుంచి టూ బ్రిడ్జెస్ వెళ్లే బీ3357 రోడ్డు పక్కన ఫోర్ విండ్స్ అనే కార్ పార్క్ ఉంది. చుట్టూ పాత గోడ, కొన్ని చెట్లు. ఒకప్పుడు అక్కడ క్వారీ కార్మికుల పిల్లల బడి ఉండేది. కారు అక్కడ పెట్టి, యెల్లోమీడ్ పొలం మీదుగా దక్షిణానికి పోయే బాట పట్టుకోండి. దారిలో గుర్రాలు ఎదురైతే ముచ్చటపడి తినడానికేమీ పెట్టకండి. అది అక్కడ నిషేధం.

క్వారీ దగ్గరపడగానే మొండిగోడలు కనిపిస్తాయి. వాటిని దాటేసి నేరుగా గొయ్యిలోకి వెళ్లండి. లోపలికి నడిచిపోయేలా కొండను కోసిన దారి ఉంది. లోపల నిలువుగా తెగిన గోడలు, నడుమ మడుగు. నీళ్లు ఎంత అందంగా ఉన్నా దిగొద్దు, పైనుంచి దూకడం అసలే వద్దు. ఆ నీళ్ల చల్లదనానికి ఊపిరి ఆగినంత పనవుతుంది.

4. రాయి అంచు మీద వేలు పెట్టి చూడండి

ఈ పని తీరిగ్గా చేయండి. నా మటుకు ఇంత దూరం వచ్చేది దీనికోసమే.

గొయ్యి చుట్టూ పడి ఉన్న బండల్లో ఒకదాని దగ్గర కూర్చోండి. ముందు రాయినే చూడండి. బూడిదరంగులో తెల్లటి పలుకులు, కొన్ని వేలి కణుపంత పొడవు. అవి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు. కరిగిన రాయి భూమి లోపల నిదానంగా చల్లారితేనే అంత పెద్దవి తయారవుతాయి. డార్ట్‌మూర్ గ్రానైట్ వయసు సుమారు 28 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్లవి, వాటి ముందు ఇది పసిపాప.

ఇప్పుడు బండ అంచు వెంట చూడండి. నిలువుగా చీల్చిన గొట్టంలో సగభాగంలాంటి గాడులు, బెత్తెడు దూరంలో ఒకటి చొప్పున వరసగా కనిపిస్తాయి. జంపర్ అనే బరువైన ఇనుప కడ్డీని ఎత్తి వేస్తూ, వేసినప్పుడల్లా కొంచెం తిప్పుతూ రంధ్రం తొలిచేవాళ్లు. ఒక్కో రంధ్రంలో రెండు ఇనుప రెక్కలు దించి, వాటి మధ్య చీల పెట్టేవాళ్లు. తర్వాత సమ్మెటతో మొదటి చీల నుంచి చివరి చీల దాకా ఒక్కో దెబ్బ, మళ్లీ మొదటి నుంచి. ఒకేదాన్ని గట్టిగా కొడితే రాయి వంకరగా పోతుంది. చీలలన్నీ సమానంగా బిగిసేసరికి బండ తనంతట తానే గీత గీసినట్టు విడిపోతుంది. సగం రంధ్రం ఈ ముక్కకు, సగం ఆ ముక్కకు.

ఈ గాడులు మీరు మన దగ్గరా చూసే ఉంటారు. తెలంగాణలో పొలాల చుట్టూ పాతిన రాతి కడీలను తడిమి చూడండి, అంచున ఇవే సగం గొట్టాలు. మన వడ్డెర పనివాళ్లు ఇలా చీలలతో రాయి తీయడం చూసినవాళ్లకు డార్ట్‌మూర్ పనివాడి చెయ్యి ఎలా కదిలిందో చెప్పక్కర్లేదు.

ఇంకో గుర్తు కూడా ఉంది. గాడి గుండ్రంగా కాకుండా, పైన వెడల్పుగా కింద సన్నగా, పొడవాటి గంటులా ఉంటే అది పాత పద్ధతి. డార్ట్‌మూర్‌లో 1800 ప్రాంతంలో ఆ గంటులు పోయి రంధ్రాలొచ్చాయి. మూర్ మీద ఎక్కడ బండ కనిపించినా, ఏ తరంవాళ్లు చీల్చారో దీన్నిబట్టి ఒక అంచనాకు రావచ్చు.

5. టేపు తీయండి

గొయ్యి నుంచి బయటికి పోయే చదునైన బాట మీద నేలలోకి దిగిన రాతి దిమ్మలు వెతకండి. పైన చిన్న రంధ్రాలుంటాయి. పట్టాలను ఇనుప మేకులతో బిగించింది వాటికే. ఇది సర్ థామస్ టిర్విట్ పూనుకుని వేయించిన ప్లిమత్ అండ్ డార్ట్‌మూర్ రైల్వే. 1823లో మొదలైంది. ఇంజిన్ లేదు, గుర్రాలే. గుర్రం నడిచింది రెండు వరసల దిమ్మల మధ్య. పట్టాల మధ్య దూరం నాలుగున్నర అడుగులు. రెండు వరసలూ మిగిలిన చోట మీరే కొలిచి చూసుకోవచ్చు. దీని దారినే చాలావరకు వాడుకుంటూ 1883లో ఆవిరి రైలు ప్రిన్స్‌టౌన్ దాకా వచ్చింది, 1956లో ఆగిపోయింది.

అటూ ఇటూ వేళ్లు చాపినట్టున్న పొడవాటి రాళ్ల దిబ్బలు కొండలు కావు. పనికిరాని రాయిని బండ్లలో తెచ్చి పారబోస్తూ పోతే పెరిగినవి. పైభాగం చదునుగా ఉండటానికి కారణం, దాని మీదుగానే పట్టాలు సాగడం. ఎక్కకండి, రాళ్లు జారతాయి.

6. ఇప్పుడు గోడల దగ్గరికి వెనక్కి రండి

ప్రతి గోడ దగ్గరా ఒకటే ప్రశ్న: రాయి దారికి ఇది దగ్గరా, దూరమా? రాయి నడిచే దారికి ఆనుకుని ఉంటే పని కోసం కట్టినదై ఉండొచ్చు. చిన్న గది, పొయ్యి గూడు, నేల మీద ముద్దకట్టిన నల్లటి చిట్టెం ఉంటే కమ్మరి కొలిమి అనుకోవచ్చు. గ్రానైట్ మీద ఉలి మొన రోజూ అరిగిపోతుంది కాబట్టి కొలిమి లేని క్వారీ ఉండదు. అన్నిటికీ దూరంగా, మందపాటి గోడలతో ఒంటరిగా నిలబడిన చిన్న గది కనిపిస్తే అది మందుగుండు దాచిన కొట్టేమో చూడండి.

ఇళ్లను గుర్తుపట్టడం తేలిక. ఫాగిన్‌టోర్‌లో హిల్ కాటేజెస్ అనే వరస ఇళ్లు ఉండేవి. కిటికీ అడుగు రాయి, చలిమంట గూడు, ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ చూడండి. గోడ పూర్తిగా కూలిన చోట నెటిల్ మొక్కలు గుంపుగా ఉన్నాయేమో చూడండి. మన దురదగొండిలాగా తాకితే మంట పుట్టిస్తాయి. మనుషులు, పశువులు చాలాకాలం ఉన్న నేలలో ఫాస్ఫేట్ పేరుకుంటుంది, ఈ మొక్కకు అదే కావాలి. మూర్ మీది పేద నేలలో ఉన్నట్టుండి పచ్చటి నెటిల్ గుంపు కనిపిస్తే, పక్కన పెరడో పెంటకుప్పో ఉండేదని అనుమానించొచ్చు.

గోడలెక్కడం, రాయి ముక్క సంచిలో వేసుకోవడం వద్దు. సున్నం వదిలేసిన గోడలవి, చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చే రాళ్లున్నాయి.

7. రాయి వెంట స్వెల్‌టోర్ దాకా

చీకటి పడేలోపు టైముంటే పాత రైలు బాట మీద పక్కనున్న స్వెల్‌టోర్ క్వారీకి నడవండి. ఫాగిన్‌టోర్ రాయి లండన్‌లోని నెల్సన్ స్తంభానికి వెళ్లిందని చెప్తారు. అయితే స్వెల్‌టోర్‌లో ఉన్నది ఎక్కడికీ వెళ్లని రాయి. సైడింగ్ (బండ్లు నిలపడానికి వేసిన పక్క పట్టాలు) ఉన్న చోటు పక్కన గడ్డిలో పన్నెండు దాకా చెక్కిన రాళ్లు పడి ఉంటాయి. వీటిని కార్బెల్‌లంటారు. మన పాత గుళ్లలో స్తంభం మీద కూర్చుని దూలాన్ని మోసే బోదిక లాంటివే. 1831 నాటి లండన్ బ్రిడ్జిని 1902 నుంచి 1904 వరకు వెడల్పు చేసినప్పుడు, పక్కలకు పెరిగిన బాటను మోయడానికి ఇలాంటివి చెక్కారు. మిగతావి బ్రిడ్జికి చేరాయి. ఆ బ్రిడ్జిని 1968లో ఒక అమెరికన్ వ్యాపారికి అమ్మేశారు. 1971 నుంచి అది ఆరిజోనా ఎడారిలో, లేక్ హవాసు సిటీలో ఉంది.

స్వెల్‌టోర్‌లోని ఈ కార్బెల్‌లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వంపు తిరిగిన వైపు చెయ్యి వేసి చూడండి, ఎంత నున్నగా దిద్దారో తెలుస్తుంది. తర్వాత వెనక పక్కకు వెళ్లండి. గోడలోకి పోయి ఎవరికీ కనబడని భాగం కదా, అక్కడ నునుపు పని అంతగా ఉండదు.