మోదుగ పువ్వును కంపెనీ కాలం పద్ధతిలో గీయాలంటే

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్నప్పుడు మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలతో వచ్చిన పుస్తకం మీద పేరు ఆయనది, గీసినవాళ్ల పేర్లు ఎక్కడో పోయాయి. నాకు నచ్చిన పద్ధతి వాళ్లదే.

కొమ్మను అసలు సైజులో, పెన్సిల్‌తో లేతగా గీయండి. పూత నాటికి మోదుగ ఆకు దాదాపు రాలిపోతుంది, కాబట్టి మూడాకుల రెమ్మను వానాకాలంలోనే గీసి దాచుకోవాలి.

అసలు పని పువ్వు విప్పడంలో ఉంది. కోసిన పూటే, వాడిపోకముందే, చిలకముక్కులా వంగిన రేకును బ్లేడుతో చీల్చండి. లోపల 10 కేసరాలు (పుప్పొడి మోసే సన్న కాడలు): 9 కలిసి గొట్టంలా, పదోది విడిగా. భూతద్దంలో చూస్తూ ఒక్కో భాగాన్నీ కాగితం అడుగున వరసగా వేయండి.

నారింజ రంగు నేరుగా పూయొద్దు, మొద్దుగా కనిపిస్తుంది. పల్చని పసుపు వేసి, ఆరాక ఎరుపు. పువ్వు మొదట్లోని ముదురు నూగుకు తడి పిండేసిన సన్న బ్రష్షు చాలు. వెనక నీడ? నేనైతే వెయ్యను.