చెన్నైలో బొమ్మలు వేసుకుంటూ నెల గడపడం ఎలా?

చెన్నైకి వచ్చిన తెలుగు ఆర్టిస్టుల్లో మధ్యలో ఆగిపోయేవాళ్లు చేయి తిరగక ఆగిపోరు. ఇరవయ్యో తారీఖుకే డబ్బులైపోతే, అద్దె గురించి ఆలోచిస్తున్న బుర్రకి గీత తోచదు. కడుపు మాడితేనే కళ పుడుతుందన్న మాట మనలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పెద్దన పేరు మీద ప్రచారంలో ఉన్న 'నిరుపహతి స్థలంబు' చాటుపద్యంలో కవి మొట్టమొదట అడిగింది ఆటంకం లేని చోటు. మనసుకి ఇంపైన భోజనం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు కూడా కావాలన్నాడు. ఇవేవీ లేకుండా ఊరికే కావ్యం రాయమంటే అయ్యే పనేనా అని సూటిగా అడిగాడు.

ఇదే ప్రశ్నకి ఈ ఊరి ఆర్టిస్టులు ఒక జవాబు చెప్పారు. మద్రాసు ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, తోటి ఆర్టిస్టులు కలిసి 1966లో ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో పెయింటింగులు కొనేవాళ్లు తక్కువ. అందుకని అందరూ కలిసి బాటిక్ గుడ్డలు (మైనం పూసి రంగులద్దినవి), ఇతర చేతిపనులు చేసి అమ్మారు. ఆ డబ్బుతోనే స్థలం కొన్నారు. తిండి బాటిక్ పెట్టింది కాబట్టి కాన్వాస్ మీద ఎవరికి ఏది వేయాలనిపిస్తే అది వేయగలిగారు. కింద చెప్పేదంతా ఒక్క మనిషికి సరిపోయేలా అదే పద్ధతి.

ముందు నెల లెక్క రాయండి

ఉజ్జాయింపు పనికిరాదు. రెండు నెలలు ప్రతి ఖర్చూ, టీతో సహా, ఫోన్‌లో రాసి పెట్టండి. ఆ తర్వాత లెక్క ఇలా తేలుతుంది (అంకెలు ఉదాహరణకి, మీవి వేసుకోండి): గదిలో మీ వాటా అద్దె 6,000, కరెంటు, నీళ్లు 500, తిండి 5,500, బస్ పాస్ 1,000, ఫోన్ 400, సబ్బులు, మందులు 1,100, ఇంటికి పంపేది 3,000, రంగులు, కాగితం 1,500. మొత్తం 19,000 రూపాయలు.

ఇంటికి పంపేది, రంగుల ఖర్చు ఈ లెక్కలోనే ఉండాలి. చాలామంది చేసే తప్పు ఈ రెండింటినీ 'మిగిలితే చూద్దాం' అని బయట పెట్టడం. ఏమీ మిగలదు, ఆర్నెల్లకి ట్యూబులు ఎండిపోతాయి.

ఈ మొత్తాన్ని, నెలలో మీరు ఇతరుల కోసం పని చేయడానికి ఒప్పుకునే రోజులతో భాగించండి. పన్నెండు రోజులు అనుకుంటే రోజుకి దాదాపు 1,600. ఇంతకంటే తక్కువకి ఒప్పుకున్న ప్రతి ఆర్డరూ మీ సొంత బొమ్మ వేసుకోవాల్సిన రోజుని తినేస్తుంది. బేరం జరుగుతున్నప్పుడు ఈ అంకె కళ్లముందు ఉంటే నోరు దానంతట అదే గట్టిపడుతుంది.

చోటు

ట్రిప్లికేన్ మాన్షన్లలో (గదులు నెల అద్దెకిచ్చే లాడ్జీల్లో) గది త్వరగా దొరుకుతుంది, కానీ అక్కడ ఆయిల్ పెయింటింగ్ పెట్టుకోకండి. గాలి ఆడని గదిలో టర్పెంటైన్ వాసన తలనొప్పి తెస్తుంది, మంటంటుకునే ప్రమాదం కూడా ఉంది. మాన్షన్‌లో ఉన్నంతకాలం ఇంకు, వాటర్ కలర్, అక్రిలిక్‌తో సరిపెట్టుకోవాలి. సినిమా, సీరియల్ పనులు వెతుక్కునేవాళ్లకి వడపళని, సాలిగ్రామం వైపు ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకునే పోర్షన్ నయం. తెలుగు మాట వినపడుతుంది, పని కబురు కూడా అక్కడే ముందు తెలుస్తుంది.

గది చూడ్డానికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఆ వేళప్పుడు లైటు వేయకుండా కిటికీ దగ్గర పెన్సిల్ గీత స్పష్టంగా కనిపిస్తే ఆ గది పనికొస్తుంది. ఉత్తరం వైపు కిటికీ అయితే మరీ మంచిది, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ నేరుగా పడదు, రోజంతా వెలుగు పెద్దగా మారదు. నేల మట్టం గది అద్దె తక్కువే, కానీ 2015 డిసెంబర్ వరదలు చూసిన ఊరిది. వేలచ్చేరి లాంటి పల్లపు ప్రాంతాల్లో మొదటి అంతస్తుకి కింద బొమ్మలు దాచడం అంటే వాటిని వానకి వదిలేయడమే.

అడ్వాన్స్ పది నెలలు అడగడం ఇక్కడ పాత అలవాటు. తమిళనాడు 2017 అద్దె చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మర్యాదగానే అడగండి: "అయ్యా, మూడు నెలలది ఇప్పుడే ఇస్తాను, అగ్రిమెంట్ రాసుకుందాం." అందరూ ఒప్పుకోరు, కానీ ఐదారు నెలలకి దిగేవాళ్లు ఉంటారు. గోడకి మేకులు కొట్టొచ్చా, రంగు మరకలు పడితే ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు ఎవరిది, ఈ రెండూ ఆ కాగితంలోనే రాయించండి. ఆర్టిస్టులకి అడ్వాన్స్‌లో కోత పడేది ఎక్కువగా ఇక్కడే.

తిండి

వంట చేసుకోగలిగితే అంతకంటే చవక లేదు. మీ రేషన్ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్నదైతే, కార్డు మీ ఊళ్లోనే ఉన్నా మీ వాటా బియ్యం ఆధార్ వేలిముద్రతో చెన్నై రేషన్ షాపులో తీసుకోవచ్చు. మిగతా వాటా ఇంట్లోవాళ్లు అక్కడే తెచ్చుకుంటారు. చేతిలో డబ్బు ఆడని వారం వస్తే అమ్మ ఉణవగం ఉంది. 2013లో మొదలైన ఈ క్యాంటీన్లు రూపాయికి ఇడ్లీ, 5 రూపాయలకి సాంబారన్నం, 3 రూపాయలకి పెరుగన్నం ధరలతో పేరు తెచ్చుకున్నాయి. అక్కడ వరసలో నిలబడటానికి మొహమాటపడకండి. మధ్యాహ్నం తిండి మానేసి పని చేస్తే నాలుగింటికల్లా చేయి వణుకుతుంది, సన్న గీత పోతుంది.

ఆడవాళ్లకి మామూలు సిటీ బస్సుల్లో 2021 నుంచి టికెట్ లేదు. పై లెక్కలో ఆ వెయ్యి తీసేసి రంగుల్లో కలపండి. ప్రమాదాల సంగతి ఒక్కటే చెప్పాలి: బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా (ప్రధానమంత్రి సురక్షా బీమా) ఉంది, 2 లక్షలకి. నిచ్చెనలెక్కి గోడ బొమ్మలు వేసేవాళ్లు అది లేకుండా ఉండకూడదు.

ఏ పని అమ్మాలి

అన్నం పెట్టే పని మీ సొంత బొమ్మకి మరీ దగ్గరగా ఉండకూడదు. రోజంతా పాఠ్యపుస్తకాలకి మనుషుల బొమ్మలు గీసినవాళ్లకి రాత్రి సొంతంగా మనిషి బొమ్మ గీయబుద్ధి కాదు. కన్నూ చెయ్యీ అప్పటికే అలసిపోయి ఉంటాయి. మీది మనుషుల బొమ్మల దారి అయితే అక్షరాలు రాసే పని, కొలువు బొమ్మలకి రంగులు, గోడ డిజైన్లు ఎంచుకోండి. దసరా ముందు మైలాపూర్ ఉత్తర మాడవీధిలో కొలువు బొమ్మల అంగళ్లు కిటకిటలాడతాయి. పాత బొమ్మలకి రంగులు దిద్దే పని కోసం అంతకు రెండు నెలల ముందే వెళ్లి అడగాలి. అంగళ్లు పెట్టాక వెళితే అప్పటికే ఎవరో ఒకరు కుదిరిపోయి ఉంటారు.

నిలకడైనది మాత్రం పిల్లల డ్రాయింగ్ క్లాసు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు), వేలచ్చేరి అపార్ట్‌మెంట్లలో శని, ఆదివారాల్లో రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి ఎనిమిది మంది, ఒక్కొక్కరికి నెలకి 1,200 అనుకుంటే 19,200. పైన వేసిన నెల లెక్క మొత్తం రెండు వారాంతపు రోజుల్లోనే తీరిపోతుంది, ఐదు రోజులు మీవి. ఇది చెడేది ఎక్కడంటే, మార్చిలో పరీక్షలు, ఏప్రిల్-మేలో సెలవులకి ఊళ్లు. పదహారు మందిలో ఐదుగురే మిగులుతారు. అందుకే ఫీజు నెలనెలా కాకుండా మూడు నెలలకి ఒకేసారి తీసుకోండి, మేలో పది రోజుల వేసవి క్యాంపు విడిగా పెట్టండి. బ్యాచ్‌లో ఎనిమిదికి మించి పిల్లల్ని చేర్చుకోవద్దు. పన్నెండు మంది అయితే ఎవరి చేయీ పట్టుకుని దిద్దలేరు, ఇంటికెళ్లాక గొంతు కూడా ఉండదు.

డబ్బు చేతికి వచ్చేదాకా

ఆర్డర్ చిన్నదైనా వాట్సాప్‌లో ఇలా రాసి పంపి, 'ఓకే' అని జవాబు వచ్చాకే మొదలుపెట్టండి: "సార్, 6 బొమ్మలు, ఎ4 సైజు, రంగుల్లో. మొత్తం 18,000. అడ్వాన్స్ 40 శాతం, రఫ్ ఓకే అయ్యాక 30, ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు 30. కరెక్షన్లు రెండు సార్లు, ఆపైన ప్రతిసారీ 500. ఈ పుస్తకం తమిళం, తెలుగు ముద్రణలకి మాత్రమే." ఇందులో చివరి వాక్యం అన్నిటికంటే విలువైనది. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా జరగాలి. ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లే అని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఒక్కటి గమనించండి: ఎవరైనా డబ్బిచ్చి తమ పోర్ట్రెయిట్ లేదా పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే. ప్రింట్లు అమ్ముకునే హక్కు మీకు కావాలంటే ముందే రాయించుకోవాలి.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వ నమోదు) ఉచితం, ఆధార్, పాన్ చాలు. డబ్బులడిగే సైట్లు చాలా ఉన్నాయి, అవి ప్రభుత్వానివి కావు. మీరు చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు కొన్నవాళ్లు డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఇవ్వకపోతే ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. బిల్లు కింద ఉద్యం నంబర్ వేస్తే చాలాసార్లు అంతదూరం పోకుండానే డబ్బు కదులుతుంది. నమోదు పని ఒప్పుకోకముందే జరిగి ఉండాలి.

కంపెనీలు టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) కింద 10 శాతం పట్టుకుంటే ఆ డబ్బు పోయిందనుకోకండి. మీ ఏడాది ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి మొత్తం వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒక నెల తిండి ఖర్చు ప్రతి ఏడూ ఇలా ప్రభుత్వం దగ్గరే వదిలేస్తున్న ఆర్టిస్టులు ఎందరో.

పొద్దుటి గంటలు

ఇతరుల పనికి ఇచ్చేసిన రోజుల్లో కూడా మొదటి రెండు గంటలు సొంత బొమ్మకే. చెన్నైలో అది ఆరు నుంచి ఎనిమిది. ఏప్రిల్ వచ్చాక తొమ్మిదికే గది వేడెక్కి వాటర్ కలర్ కుంచె తిప్పేలోపే ఆరిపోతుంది, అంచులు గట్టిగా పడతాయి. రాత్రి పడుకునే ముందు కాగితం బోర్డుకి టేపు వేసి, నీళ్లు నింపి, వేయబోయే రంగులు రెండే ప్యాలెట్‌లో పిండి మూత పెట్టండి. పొద్దున ఏం వేయాలో వెతుక్కునే అరగంట మిగులుతుంది. బొమ్మని ఎప్పుడూ పూర్తయిన చోట ఆపకండి. తర్వాతి గీత ఎక్కడ పడాలో తెలిసిన చోట ఆపితే మర్నాడు చేయి వెంటనే కదులుతుంది.

కాగితం, వాన

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో కాగితం టోకుగా దొరుకుతుంది. ప్రాక్టీసుకి అక్కడ మందపాటి కార్ట్రిడ్జ్ కాగితం కొనండి. అమ్మదగ్గ బొమ్మకి మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) కాటన్ కాగితం. 22×30 అంగుళాల పూర్తి షీటు కొని నాలుగు చేస్తే 11×15 ముక్కలు వస్తాయి. ప్యాడ్ కంటే ఇది చవక.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. అప్పుడు కాగితం లోపలినుంచి పాడవుతుంది. పైకి తెల్లగానే ఉంటుంది, కానీ రంగు పెట్టగానే మిరియపు గింజంత మచ్చలుగా ముదురు రంగు తేలుతుంది. తేమకి బూజు పట్టి కాగితానికి పట్టించిన జిగురు పోయిన చోట్లు అవి, నీళ్లు అక్కడ అద్దుడు కాగితంలోలా ఇంకిపోతాయి. కొత్త బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక మూల నీటి చుక్క వేయండి. చుక్క నిమిషం పాటు ఉబ్బి నిలబడితే కాగితం బాగుంది. వెంటనే ఇంకిపోతే దాన్ని చార్‌కోల్‌కి వాడండి, దాని మీద వాటర్ కలర్ వృథా. దాచేటప్పుడు గాలి పోని పాలిథిన్ సంచిలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకి తగలకుండా అటక మీద పెట్టండి. న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, దాని ఆమ్లం కాగితాన్ని పసుపు పట్టిస్తుంది.

చూసి చెప్పేవాళ్లు, ఫెలోషిప్‌లు

గ్రీమ్స్ రోడ్‌లోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి నెలకోసారైనా వెళ్లండి. ప్రదర్శన చూసే నెపంతో తోటి ఆర్టిస్టులతో పరిచయాలు అవుతాయి, మీ బొమ్మలో ఏది తేలిపోతోందో మొహం మీద చెప్పగలిగే ఒకరిద్దరు అక్కడ దొరుకుతారు.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకి నెలకి 5,000 స్కాలర్‌షిప్, 25 నుంచి 40 ఏళ్లవాళ్లకి 10,000 జూనియర్ ఫెలోషిప్, 40 దాటినవాళ్లకి 20,000 సీనియర్ ఫెలోషిప్ ఇస్తుంది, రెండేళ్లపాటు. దరఖాస్తు తప్పకుండా పెట్టండి. కానీ ఫెలోషిప్ డబ్బు నెలనెలా రాదు, ఆర్నెల్లకో విడత వస్తుంది. దాన్ని అద్దె లెక్కలో కలిపి క్లాసులు మానేస్తే మూడో నెలకే అప్పు చేయాల్సి వస్తుంది. విడత వచ్చిన రోజే దాన్ని వేరే ఖాతాలో వేసి, నెలకి ఆరో వంతు మాత్రమే తీసుకోండి.

నెల తగ్గితే

ఎంత లెక్క వేసినా ఏదో ఒక నెల తక్కువ పడుతుంది. అప్పుడు కోత వరస ముందే రాసి పెట్టుకోండి. మొదట బయటి టీలు, తర్వాత రంగులు. అద్దె, తిండి, ఇంటికి పంపేది కదపకూడదు. రంగులు ఆపడమంటే బొమ్మ ఆపడం కాదు. ఆ నెల సైజు తగ్గించి, చార్‌కోల్ కడ్డీలు నాలుగు, చవక కాగితం వంద షీట్లతో పొద్దుటి రెండు గంటలూ గీయండి. వచ్చే నెల క్లాసు ఫీజు చేతిలో పడ్డాక వాటిలోంచి మూడింటిని ఎంచి, కాటన్ కాగితం మీద రంగులోకి తీసుకెళ్లండి.