గుట్ట మీద గుంతలు తీసే ముందు మోడుల్ని చూడండి

జులై వస్తే చాలు, మా కదిరి వైపు ఏదో ఒక గుట్ట మీద ఎవరో ఒకరు గుంతలు తీయిస్తుంటారు. మొక్క, బ్యానర్, ఫొటో. మార్చికల్లా గుంత మాత్రం మిగులుతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే సీమ మాది. అదీ నాలుగు దెబ్బలు కుమ్మరించి పోతుంది. నర్సరీ కవర్లో నీడపట్టున పెరిగిన మొక్క ఆ రాళ్ళ మధ్య బతకాలంటే రెండు ఎండాకాలాలైనా బిందెలతో నీళ్ళు మోయాలి. ఎవరు మోస్తారు? మొక్కలు నాటడం తప్పని నేననను, ఇంటి ముందు శుభ్రంగా నాటుకోండి. గుట్ట దగ్గరికొచ్చేసరికి మాత్రం, నేలలో ఇప్పటికే ఏముందో చూశాకే పార పట్టుకోండి.

నరికినంత మాత్రాన మోదుగ చావదు. వేపా అంతే, తునికీ అంతే. కాండం పోతే మోడు నుంచో, పక్క వేర్ల నుంచో పిలకలు వేస్తాయి. ఆ పిలకల్ని పొయ్యి కోసం కోస్తాం, మేకలు కొరుకుతాయి, వేసవిలో అగ్గి పడుతుంది. మళ్ళీ వేస్తాయి. ఇలా ఏళ్ళ తరబడి మోకాలెత్తు దాటకుండా ఉండిపోయిన దాన్ని మనం కంప అని తీసిపారేస్తాం. కింద వేరు మాత్రం పెద్ద చెట్టుదే. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, మరాడి ప్రాంతంలో టోనీ రినౌడో అనే ఆస్ట్రేలియా ఆయన 1980ల మొదట్లో మొక్కలు నాటీ నాటీ విసిగిపోయి, ఇసుకలో బండి నడవక టైర్లలో గాలి తీస్తూ పక్కనున్న పొదను చూశాడు. అది పొద కాదు, నరికిన చెట్టు వేసిన పిలక. అక్కడి రైతులు ఆ పిలకల్ని కాపాడే దారి పట్టారు. నాటకుండానే సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేచాయి.

పనిలో దిగే ముందు నేల ఎవరిదో తేల్చుకోండి. మేత పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం చేయించి, తహసీల్దారు ఆఫీసులో చెప్పి ఉంచుకోవాలి. రిజర్వు ఫారెస్టు అయితే మంచి ఉద్దేశంతో కొమ్మ కోసినా 1967 అటవీ చట్టం కింద కేసే, కాబట్టి అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో పడేదాకా కత్తి ముట్టుకోవద్దు. ఊళ్ళో పాత వన సంరక్షణ సమితి పేరుకైనా మిగిలి ఉంటే దాన్ని లేపండి, సగం పని తేలికవుతుంది.

గుట్ట తిరగడానికి మాఘ, ఫాల్గుణ మాసాలు మంచివి. ఆకు రాలి మోడులు బయటపడతాయి. అనుమానమున్న చోట బెరడు గోరుతో గీకండి. కింద పచ్చగా తడి తగిలితే బతికున్నట్టే. అలాంటి ప్రతి దుబ్బుకూ పాత చీర పేలిక కట్టుకుంటూ పోవాలి. గుట్ట దిగి వెనక్కి చూస్తే పేలికలే లెక్క చెబుతాయి. దగ్గర దగ్గరగా కనిపిస్తే గుంతల ఖర్చు దండగ. పేలికే పడని బోడి మెరకలుంటే నాటే ఆలోచన అక్కడికి మాత్రమే పెట్టుకోండి.

కోతకూ అదే అదను. వానల్లో కోస్తే గాయం తడిసి బూజు పడుతుంది. ఒక్కో దుబ్బులో పదో ఇరవయ్యో పిలకలుంటాయి. నిటారుగా, బలంగా ఉన్న రెండో మూడో ఉంచి మిగతావి తీసేయాలి. మోడు నెత్తిన మొలిచిన పిలక చూడ్డానికి ఏపుగా ఉంటుంది కానీ, కింద కట్టె పుచ్చిపోయి, కాస్త బరువెక్కాక గాలికి చీలి పడుతుంది. నేలను ఆనుకుని వచ్చిందే నిలుస్తుంది, దాన్నే ఉంచండి. కొడవలి మొద్దుగా ఉంటే పని చేయకండి. పైనుంచి కిందికి కొడితే బెరడు పట్టీలా ఊడి వస్తుంది. కింది నుంచి పైకి, ఏటవాలుగా, ఒకే వేటుకు తెగాలి. ఉంచిన పిలకకు కింది సగంలోని పక్క కొమ్మలు తీసేసి, పై సగం ఆకు జోలికి పోవద్దు. ఆకు లేకపోతే వేరుకు తిండి ఏది? లావు కట్టె ఇంటికి, సన్న పుల్లలు వాలుకు అడ్డంగా నేలమీద పరవడానికి. చెట్టు మొదలు దగ్గర కుప్ప పెట్టారో, అగ్గి పడిన రోజు చెట్టుకు చితి పేర్చినట్టే. తీసేసిన చోట కొత్త పిలకలు రాక మానవు. రెండు మూడు నెలలకోసారి వెళ్ళి గిల్లేయాలి.

సర్కారు తుమ్మకు ఈ పద్ధతి తిరగబడుతుంది. పైన నరికితే రెట్టింపు పిలకలు వేస్తుంది. తీయాలంటే నేలలోకి జానెడు తవ్వి వేరు మెడ కింద తెంపాలి. కానీ గుట్టంతా ఒకేసారి ఖాళీ చేయకండి, ఎన్నో ఇళ్ళ పొయ్యి దానిమీదే వెలుగుతోంది. దాని కాయ తిన్న జీవాల పెంటలో గింజలు చెక్కు చెదరకుండా బయటికొస్తాయి. అందుకే వానలు పడ్డాక మొలకల్ని చేత్తో పీకడం ఏటా ఉండే పని. లంటానాను కూడా నేల కింద మూడు వేళ్ళ లోతున తెంపి, పొదను తలకిందులుగా, వేరు పైకి చేసి పడేయాలి. మామూలుగా పడేస్తే తడి తగిలి మళ్ళీ పాతుకుంటుంది.

ఇంతవరకూ చెప్పింది కూలి పని. అసలు టెన్షన్ జీవాల దగ్గర మొదలవుతుంది. పిలకలు ఎత్తు పెరిగేదాకా గుట్ట మీద మేత ఆపాలి మరి. "గుట్ట మూసేస్తే నా జీవాల్ని యాడికి తోలాల అక్కా?" అని కాపరి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు లేకుండా దండోరా వేయించే కమిటీలను చూశాను. వాళ్ళు కట్టిన కంచె ఒక్క వేసవి నిలవదు. గుట్టను మూడు భాగాలు చేసి, ఒకటే మూయండి. ఏ భాగమన్నది కాపరుల్నే తేల్చమనండి. నీటి కుంటకు పోయే బాట, ఎండపూట మంద ఆగే నీడ మీకన్నా వాళ్ళకే తెలుసు. మూసిన దాంట్లోనూ గడ్డి కోసి మోసుకుపోనివ్వండి. మేక వెనక కాళ్ళ మీద లేచినా కొన అందనంత ఎత్తు వచ్చాక అది తెరిచి, రెండోది మూయాలి. మా నేలకు మూడేళ్ళు అనుకోవచ్చు. కరువు వస్తే ఇంకా పడుతుంది. తెరిచాక కూడా దోటితో కొమ్మలు లాగడం మీద కట్టుబాటు ఉండాలి. తంగేడును, సీతాఫలాన్ని మేక ముట్టదు కాబట్టి మూయని భాగంలో కూడా వాటి పిలకల పని మొదలుపెట్టేయొచ్చు.

మంద ఆగితే గడ్డి పెరుగుతుంది. గడ్డి పెరిగితే అగ్గి భయం. కొత్త గడ్డి బాగా వస్తుందని బోద గడ్డికి కావాలని నిప్పు పెట్టేవాళ్ళున్నారు, బీడీ పారేసేవాళ్ళూ ఉన్నారు. గడ్డి పూర్తిగా ఎండకముందే, సంక్రాంతి లోపల, మూసిన భాగం చుట్టూ నాలుగు బారల వెడల్పున గడ్డి చెక్కి ఫైర్ లైన్ వేయండి. చెక్కిన గడ్డి అక్కడే వదలొద్దు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటల్ని గమనించి ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది, కమిటీలో ఒక్కరైనా అందులో పేరు నమోదు చేసుకోవాలి. మంట వాలు పైకి మనిషికన్నా వేగంగా ఎక్కుతుంది. దానికి ఎగువన నిలబడొద్దు. కాలిపోయిన వైపు నుంచి, పక్కల నుంచి పచ్చి రొట్టతో కొట్టుకుంటూ రావాలి. పెద్దదైతే ఫారెస్టువాళ్ళకు ఫోన్ చేసి దిగి వచ్చేయండి.

గొడవలు చెట్లు లేవనప్పుడు కాదు, లేచాక వస్తాయి. వాసాలకు పనికొచ్చే కట్టె కనబడగానే పదేళ్ళుగా గుట్ట ముఖం చూడనివాళ్ళు కూడా వాటా అడుగుతారు. అందుకే పిలకలు మోకాలెత్తు ఉన్నప్పుడే రాసుకోవాలి: సన్న కట్టె ఎవరికి, ఏ నెలలో, వాసం కావాలంటే ఎంత కట్టాలి, దోటి పట్టుబడితే జరిమానా ఎంత, ఆ డబ్బు ఎవరి దగ్గరుంటుంది. కాపరుల వేలిముద్రలు, కట్టెలు తెచ్చే ఆడవాళ్ళ సంతకాలు అందులో ఉండాలి. ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఇంకొకటి మంద తోలేవాళ్ళ దగ్గర ఉంచండి.