హెచ్చరిక లైటు వెలుగుతున్న సెకండ్ హ్యాండ్ కారు కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ కారు చూడడానికి వెళ్లినప్పుడు మీటరు బోర్డులో ఇంజిన్ బొమ్మ వెలుగుతూ కనిపిస్తే, "అది ఉత్త సెన్సర్ అండీ, రెండు వేలలో అయిపోతుంది" అనే మాట అమ్మేవారి నోట సాధారణంగా వినిపిస్తుంది. అంత తేలికైన పనే అయితే అమ్మకానికి పెట్టకముందే ఎందుకు చేయించలేదని మర్యాదగానే అడగండి. అలాగని లైటు చూడగానే వెనుదిరగనక్కర్లేదు. కారణం తెలిసి, ఖర్చు అంచనా చేతికి వచ్చిన లోపం బేరానికి పనికొస్తుంది. కారణం తేలని లోపమున్న బండి ఎంత చవకగా వచ్చినా వద్దనుకోవడమే మేలు.

మొదట తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటరు బోర్డును గమనించండి. ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్లు అప్పుడు వెలగాలి, స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. తాళం తిప్పినా ఇంజిన్ లైటు అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేశారనో, కనబడకుండా కప్పేశారనో అనుమానించాలి. వెలుగుతున్న లైటుకంటే ఇదే పెద్ద దోషం.

తరువాత రంగు చూడండి. ఎర్రటి ఆయిల్ లైటు గాని, ఉష్ణోగ్రత లైటు గాని ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి, టెస్ట్ డ్రైవ్ మాట ఎత్తకండి. పసుపు రంగు ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. ఆ మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో, పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది. నిలకడగా వెలిగే పసుపు లైటు అయితేనే ముందుకు వెళ్లండి.

అసలు పని, బండి కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ దగ్గర మొదలవుతుంది. స్టీరింగ్ కింద, స్కానర్ తగిలించడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు ఫోనుతో కలిసే చవక పరికరం పెట్టినా ఇంజిన్ కోడ్‌లు కనిపిస్తాయి గాని, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లను అది చాలాసార్లు చదవలేదు కనుక, అమ్మేవారు చెప్పిన షెడ్డుకు కాకుండా మీకు నమ్మకమున్న మెకానిక్ దగ్గరకు బండిని తీసుకువెళ్లండి. కోడ్ లోపం ఎటువైపు ఉందో చెబుతుందే గాని, ఏ భాగం మార్చాలో చెప్పదు. ఉదాహరణకు పీ0301 వస్తే మొదటి సిలిండర్ మిస్ ఫైర్ అవుతోందని, అంటే అందులో ఇంధనం సరిగా మండడం లేదని తెలుస్తుంది. కారణం నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు, దానికి కరెంటు ఇచ్చే కాయిల్, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్ లోపలి ఒత్తిడి అయిన కంప్రెషన్‌లలో ఏదైనా కావచ్చు. ప్రతి ప్లగ్గుకూ వేరే కాయిల్ ఉన్న ఇంజిన్‌లో ఒకటో కాయిల్‌ను రెండో దానితో మార్చి నడిపినప్పుడు కోడ్ పీ0302గా మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే మిగతావి వెతకాలి. కంప్రెషన్ తగ్గిందని తేలితే ఇంజిన్ విప్పవలసి రావచ్చు.

కోడ్‌లేమీ లేవని స్కానర్ చూపినా, బండి కంప్యూటరు నడకలో తనంతట తాను చేసుకునే స్వీయ పరీక్షలు పూర్తయ్యాయా అని మెకానిక్‌ను అడగండి. చాలావరకు పూర్తి కాలేదని చూపితే, ఇటీవల కోడ్‌లు చెరిపేసి గాని, బ్యాటరీ వైరు తీసి గాని ఉండవచ్చు. కొన్ని రోజులు నడిపి మళ్లీ స్కాన్ చేయించమనడం ఇక్కడ న్యాయమైన కోరికే.

సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి బానెట్ ఎత్తి వైర్ల కనెక్టర్లు, బాడీకి బిగించిన ఎర్త్ వైర్లు ప్రత్యేకంగా చూడాలి. పిన్నుల మీద ఆకుపచ్చని పొడి పేరుకుంటే సెన్సర్ బాగానే ఉన్నా లైటు వెలగవచ్చు, అలాంటిది శుభ్రం చేస్తే సరిపోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని లైట్లు ఒకేసారి వెలిగితే మాత్రం బలహీనమైన బ్యాటరీతోపాటు లోపలికి నీళ్లు చేరిన అవకాశాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. నీళ్లలో మునిగిన బండి అయితే సీటు బెల్టును చివరిదాకా లాగినప్పుడు బురద చార కనిపించవచ్చు.

బీచ్ రోడ్డు మీద ఏ కారైనా హాయిగానే నడుస్తుంది. సింహాచలం ఘాట్ ఎక్కించండి, బరువు పడినప్పుడు మిస్ ఫైరూ, వేడెక్కడమూ బయటపడతాయి. బీఎస్6 డీజిల్ కారులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలిగితే, అది ఊళ్లో చిన్న ప్రయాణాలే చేసిన బండి కావచ్చు. ఆ లైటుకు కారు మాన్యువల్ అనుమతిస్తే అనకాపల్లి వైపు జాతీయ రహదారి 16 మీద నిలకడైన వేగంతో నడిపి చూడండి, అప్పుడూ ఆరకపోతే ఖర్చు పెద్దదే.

మరమ్మతు అంచనా కాగితం మీద రాయించుకుని, ఆ మొత్తంతోపాటు కొంత అదనంగా ధరలో తగ్గించమనండి. సాధారణ మోటారు బీమా యాంత్రిక లోపాల ఖర్చు భరించదు కాబట్టి ఆ భారమంతా మీదే. స్కాన్‌కు ఒప్పుకోనివారి బండి, ఎయిర్‌బ్యాగ్ లైటుకు కారణం చెప్పలేని బండి వదిలేయండి. కారణమూ, ధరా రెండూ కుదిరాకే అడ్వాన్సు ఇచ్చి యాజమాన్యం మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకోండి. రుణం తీరిన బండికి బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో పాటు, బండి మీద బ్యాంకు హక్కు తొలగించే ఫారం 35, ఒడిశా రిజిస్ట్రేషన్ బండికి అక్కడి రవాణా కార్యాలయం ఎన్‌ఓసీ కూడా అడగండి.