గేమ్ సమీక్షలు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: ‘మళ్లీ మళ్లీ అదే పని’

పోయిన పాఠంలో అంకెల సంగతి చూశాం. సమీక్షకుల మార్కులను కలిపి ఒకే అంకెగా చూపే మెటాక్రిటిక్ సైట్‌లో గేమ్‌కు 75 లేదా ఆపైన వస్తే పచ్చ రంగు, 50 నుంచి 74 వరకు పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఆటగాళ్లు మార్కులు వేయరు. బాగుందనో బాగాలేదనో బొటనవేలు చూపిస్తారు, వందలో ఎంతమంది బాగుందన్నారన్నదే లెక్క. ఈ రోజు అంకెలు పక్కన పెట్టి మాటల్లోకి దిగుదాం.

ఇందుకు నేను ఎంచుకున్న గేమ్ మూన్‌లైటర్. స్పెయిన్‌కు చెందిన డిజిటల్ సన్ అనే చిన్న స్టూడియో చేసింది. 2018 మే 29న పీసీ, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు, అదే ఏడాది నవంబర్‌లో నింటెండో స్విచ్‌కు వచ్చింది.

ముందు గేమ్ ఎలా నడుస్తుందో తెలియాలి. విల్ అనే కుర్రాడు రైనోకా అనే ఊళ్లో కొట్టు నడుపుతాడు. కొట్టు పగలే తెరుస్తాడు, రాత్రిపూట డంజన్లలోకి (గదులు గదులుగా ఉండే ప్రమాదకరమైన చోట్లు) దిగి రాక్షసులతో పోరాడి సంచి నింపుకుంటాడు. అక్కడ పడిపోతే సంచి పై వరుసలోని అయిదు జేబుల్లో ఉన్నవే దక్కుతాయి, మిగతా సరుకు పోయినట్టే. కొంత డబ్బు ఖర్చుపెడితే మెడలోని లాకెట్ అతన్ని తిరిగి ఊరికి చేరుస్తుంది. ఇంకో గది చూద్దామా, దక్కినదాంతో బయటపడదామా అన్న టెన్షన్ అంతా అక్కడే.

తెల్లారాక ఆ సరుకును కొట్లో పెట్టి ధర రాయాలి. సరైన ధర ఎంతో గేమ్ చెప్పదు. వచ్చినవాళ్ల ముఖం చూసి మనమే పట్టుకోవాలి. మరీ సంబరపడిపోతే తక్కువకు ఇచ్చేశామని, ముఖం ముడుచుకుంటే ఎక్కువ చెప్పామని అర్థం. బేరాలు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేని విద్య. నాకు పోరాటం కన్నా ఈ కౌంటర్ దగ్గర నిలబడటమే ఎక్కువ ఇష్టం.

ఇక సమీక్షలకు వద్దాం. పిక్సెల్ బొమ్మలను (చిన్న చిన్న గళ్లతో గీసినవి) చాలామంది మెచ్చుకున్నారు. డంజన్ కొట్టును పోషిస్తుంది, కొట్టు సంపాదన కొత్త కత్తిని, కొత్త కవచాన్ని ఇస్తుంది. ఈ అల్లిక కూడా బాగా నచ్చింది. ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు మాత్రం ఒకటే: కొంతసేపటికి మళ్లీ మళ్లీ అదే పని.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఇలాంటి మాట కనబడగానే గేమ్‌ను కొట్టిపారేయకండి. ‘ఏ పని?’ అని అడగండి. మూన్‌లైటర్‌లో దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది డంజన్ల తీరు: గదుల అమరిక ప్రతిసారీ మారినా, అంతస్తులు దాటి చివర పెద్ద రాక్షసుణ్ని ఎదుర్కోవడమన్న వరస మారదు. రెండోది కొట్టు: ఒక వస్తువు ధర దొరికాక ఇక పెద్దగా ఊహించాల్సిన పని లేదు, చాలావరకు అదే అంకె మళ్లీ వేస్తే చాలు. నా దృష్టిలో రెండోదే బరువైన ఫిర్యాదు. గేమ్‌లో అన్నిటికన్నా కొత్తగా ఉన్న భాగమే ఆడేకొద్దీ పలచబడుతుంది కాబట్టి.

తర్వాతి ప్రశ్న: ఈ మాట అన్నవారు ఎలా ఆడారు? సమీక్ష రాసేవారు చాలాసార్లు గడువు లోపల, కొద్ది రోజుల్లోనే గేమ్ ముగించాలి. ఒకే కూర్చోవడంలో గేమ్‌లోని పది పగళ్లు కొట్టు తెరిస్తే ఎవరికైనా విసుగొస్తుంది. పని ముగించుకుని రాత్రి ఒక్క పగలు, ఒక్క డంజన్ ఆడి పడుకునేవారికి ఆ తెలిసిన వరసే హాయి. కోజీ గేమ్‌ల (ఒత్తిడి లేకుండా హాయిగా ఆడుకునేవి) కోసం వచ్చేవారు వెతుక్కునేది దాన్నే. సమీక్షకులు అబద్ధం చెప్పలేదు, మీ సాయంత్రం వాళ్లది కాదు, అంతే. అలాగని ప్రతి ఫిర్యాదునూ ఇలా సర్దిచెప్పకండి. సేవ్ (అప్పటిదాకా ఆడి దాచుకున్నది) పోయిందనో గేమ్ ఆగిపోయిందనో అంటే అది ఎలా ఆడినా తప్పే.

అభ్యాసం: సింగపూర్‌లోని ది జెంటిల్‌బ్రోస్ చేసిన క్యాట్ క్వెస్ట్ 2017లో వచ్చింది, పిల్లి హీరోగా ఉన్న యాక్షన్ ఆర్‌పీజీ (పోరాడుతూ మన పాత్రను బలపరుచుకుంటూ సాగే గేమ్). దానిపై రెండు సమీక్షలు తీసుకోండి. ‘తేలిక’ అన్న అర్థంలో వచ్చిన ప్రతి మాట కిందా గీత గీయండి. దేని గురించి అన్నారు, మెచ్చుకుంటూ అన్నారా, పెదవి విరుస్తూ అన్నారా అని పక్కనే రాసుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.