ఎండలు ముదరకముందే నారు నాటుకోవడం: ఖర్చు లేని ఉపాయాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెప్పే మాట నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెరటి తోట పెంచేవారికి గడువు కూడా. చలి దేశాల్లో వసంతకాలపు నారును మంచు నుంచి కాపాడుకోవాలి. మనకు ఆ బాధ లేదు. మన నారుకు శత్రువులు మధ్యాహ్నపు ఎండ, దానితోపాటు వీచే పొడిగాలి. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి రాత్రులు కూడా చల్లబడనప్పుడు టమాట పూత కాయ పట్టకుండా రాలిపోతుంది కాబట్టి, టమాట నారు ఫిబ్రవరి మధ్యలోపు నాటుకుంటేనే ఫలితం దక్కుతుంది. వంగ, మిరప కొంత ఓర్చుకుంటాయి. మార్చి సగం గడిచిపోతే మాత్రం నారు జోలికి పోకుండా బెండ, గోకర, సొర, తోటకూర విత్తనాలను నేరుగా మడిలో వేసుకోవడం మేలు.

నాటిన మొక్క ఎందుకు వడలుతుందో తెలిస్తే ఉపాయాలు వాటంతటవే తోస్తాయి. నారు పీకేటప్పుడు తెగిపోయేవి సన్నని పీచువేళ్ళు, నీటిని పీల్చేవి కూడా అవే. ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీటిని గాలిలోకి వదులుతూనే ఉంటాయి. కొత్త వేళ్ళు పుట్టే ఐదారు రోజులపాటు ఆకు నుంచి పోయే నీటిని తగ్గించడం, వేరు దగ్గర తడి నిలపడం అనే రెండు పనులే మన చేతిలో ఉన్నాయి. ఈ రెండూ కుదిరితే వేరు పెంచుతాయని చెప్పి అమ్మే మందు సీసాల అవసరం పెరటి తోటకు ఉండదు.

టమాట నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప సుమారు 40 రోజులకు నాటడానికి సిద్ధమవుతాయి. దానికి వారం ముందు నుంచే నారును ఎండకు అలవాటు చేయాలి. మొదట రెండు గంటల ఉదయపు ఎండ చాలు. రోజురోజుకూ కొంచెం పెంచుతూ చివరి రెండు రోజులు పూర్తి ఎండలో ఉంచాలి. అదే వారంలో నీళ్ళు కూడా తగ్గించాలి, అయితే మట్టిని పూర్తిగా ఎండిపోనివ్వకూడదు. ఆకు కాస్త మెత్తబడినప్పుడు నీళ్ళు ఇవ్వడమే సరైన కొలత. నీడలో పెరిగి సన్నగా పొడవుగా సాగిన టమాట నారును పారేయనవసరం లేదు. కింది ఆకులు గిల్లివేసి, తల మాత్రమే పైకి ఉండేలా చిన్న కాలువలో కాండాన్ని పడుకోబెట్టి మట్టి కప్పితే, కప్పిన కాండం పొడవునా కొత్త వేళ్ళు వస్తాయి. వంగ, మిరప నారుకు ఈ పద్ధతి వాడవద్దు. వాటిని నారుమడిలో ఉన్న లోతులోనో, వేలి మందం లోతుగానో నాటితే చాలు.

నర్సరీలో ప్రోట్రేల్లో, అంటే చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళేల్లో, పెంచిన నారు కొనేవారు ఎక్కువగా మొక్కలు పోగొట్టుకునేది ఒక చిన్న విషయం వల్ల. ఆ నారు కొబ్బరిపొట్టు ముద్దలో పెరుగుతుంది. ఆ పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే తేలికగా తడవదు. మడి నిండా నీళ్ళు పారించినా అవి చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకుతాయే తప్ప ముద్ద లోపలికి చేరవు; చుట్టూ బురద ఉన్నా నడుమ మొక్క దాహంతో వడలిపోతుంది. అది చూసి ఇంకా నీళ్ళు పోయడం, ఆ పైన మొక్క మొదలు కుళ్ళడం తరచుగా జరిగేదే. కాబట్టి నాటడానికి ముందు ట్రేను వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో పావుగంట ఉంచాలి. ముద్దను పైకి కనిపించకుండా అర అంగుళం మందాన మడి మట్టితో కప్పాలి, లేకపోతే బయటికి తేలిన పొట్టు ఒత్తిలా లోపలి తడిని పైకి లాగి ఆరబెడుతుంది. మొదటి నాలుగు రోజులు మడికి కాకుండా మొక్క మొదట్లోనే చెంబుతో నిదానంగా నీళ్ళు పోయాలి.

ఇంట్లోనే నారు పెంచేవారికి మోదుగాకు దొప్పలు చవకైనవి, మంచివి కూడా. సొర, బీర, కాకర వేరు కదిలితే ఓర్చుకోవు కాబట్టి వాటిని దొప్పలోనే మొలిపించి, రెండు మూడు ఆకులు రాగానే అడుగు చీల్చి దొప్పతో సహా పాతిపెట్టాలి. పాత వార్తాపత్రికను గ్లాసు చుట్టూ చుట్టి చేసిన పొట్లమూ పనికివస్తుంది. దొప్ప అయినా కాగితమైనా దాని అంచు మట్టిపైన మిగలకూడదు.

నాటడం సాయంత్రం నాలుగున్నర తరువాతే మొదలుపెట్టాలి. మన ఎర్ర చెలక నేలల్లో నీళ్ళు త్వరగా ఇంకిపోయి పైపొర గట్టిపడుతుంది కనుక, గుంత తీసి ముందు దాన్ని నీళ్ళతో నింపి, ఆ నీరు ఇంకిన తరువాత గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువును మట్టిలో కలిపి మొక్క పెట్టాలి. ఎరువు పచ్చిగా ఉంటే చెదలు పడతాయి. చెలకల్లో ఈ బెడద మరీ ఎక్కువ. నల్లరేగడి ఉన్నచోట మాత్రం గుంత నిండా నీళ్ళు నిలపకుండా మట్టి తడిపొడిగా ఉన్నప్పుడే నాటాలి.

నీడ కోసం షేడ్‌నెట్ అనే వల కొనవలసిన పని లేదు. పత్తి ఏరడం అయిపోయిన తరువాత చేను గట్ల మీద పత్తి కట్టె ఎంతైనా దొరుకుతుంది. మొక్కకు పడమటి వైపున రెండు కట్టెలు గుచ్చి, పాత నూలు చీర ముక్కనో తాటాకునో కడితే మధ్యాహ్నపు ఎండ తగలదు, ఉదయపు ఎండ అందుతుంది. యూరియా సంచి కూడా కట్టవచ్చు. అయితే గాలి ఆడేందుకు నేలకు జానెడు ఎత్తులో కట్టాలి. వేప మండలు గుచ్చడం అన్నిటికంటే సులభం, పైగా ఆకు రాలేకొద్దీ నీడ దానంతటదే పలచబడుతుంది. నీడ వారానికి మించి ఉంచితే మొక్క వెలుతురు కోసం సాగి బలహీనపడుతుంది.

మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఈ కాలంలో పల్లికాయ పొట్టు దొరకడం కష్టం కాదు. దాన్ని మొక్క చుట్టూ రెండు అంగుళాల మందాన పరిస్తే నేల గట్టిపడదు, తడి ఆరదు. నల్లగొండ, సూర్యాపేట వైపు వరిగడ్డి ఉండనే ఉంది. దేన్ని పరిచినా మొక్క మొదలుకు రెండు వేళ్ళ ఎడం వదలాలి, ఆనించి పరిస్తే మొదలు కుళ్ళుతుంది.

బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో మట్టిమీద తెల్లటి పొర కనిపిస్తుంది. అలాంటి నీటిని ఆకులమీద చల్లితే అంచులు మాడతాయి. నాటిన మొదటి వారంలోనైనా బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళను పక్కకు పట్టి మొక్కల మొదట్లో పోయడం మంచిది. రోజుకు కొంచెం కొంచెం చల్లడం వల్ల ఉప్పు పైనే పేరుకుంటుంది. రోజు విడిచి రోజు లోతుగా ఇంకేలా పోస్తే అది కిందికి దిగిపోతుంది. ఎండలు పెరిగాక నాలుగు మొక్కల మధ్య చిన్న మట్టికుండను మెడ వరకు పాతి, నీళ్ళు నింపి మూత పెడితే, నీరు గోడల గుండా ఊరుతూ వేళ్ళకు అందుతుంది.

రాత్రిపూట మొదలు కొరికి మొక్కను పడవేసే పురుగు ఉంటే, అడుగు కోసేసిన కాగితపు టీ కప్పును మొక్క చుట్టూ సగం మట్టిలోకి దిగేలా గుచ్చాలి. ఆకుముడత తెగులును మోసుకొచ్చే తెల్లదోమ కోసం పసుపు రంగు వేసిన అట్టకో డబ్బాకో ఆముదం పూసి మొక్కల ఎత్తులో వేలాడదీయాలి. ఆముదం ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ పూయాలి. ఇది దోమను పూర్తిగా ఆపదు, ఎంత వచ్చిందో చూపిస్తుంది, కొంత తగ్గిస్తుంది. కోళ్ళకు, మేకలకు సర్కారు తుమ్మ కంప చాలు. కోతులకు మాత్రం చవకైన ఉపాయం లేదు. అవి తిరిగే ఊళ్ళలో టమాట కంటే మిరప పెట్టుకోవడమే తెలివైన పని.

నాటిన తరువాత మధ్యాహ్నం తల వాల్చిన మొక్కను చూసి కంగారుపడి నీళ్ళు పోయకూడదు. సాయంత్రానికి లేచి నిలబడితే అది బాగానే ఉన్నట్టు. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే జబ్బు లేదా దాహం అనుకోవాలి. అప్పుడు వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి చూడాలి: పొడిగా ఉంటే నీళ్ళు పోయాలి, తడిగా ఉండి మొదలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే ఆ మొక్కను తీసివేసి ఆ గుంతలో మళ్ళీ అదే రకం పెట్టకూడదు. పోయిన మొక్కల స్థానంలో వేసేందుకు పదింటికి ఒకటి చొప్పున నారు పక్కన ఉంచుకోవాలి. వారం దాటాక నింపినవి పక్క మొక్కల నీడలో పడి వెనకబడతాయి. యూరియా లాంటివి పది రోజుల వరకు వేయవద్దు. కొత్త ఆకు విచ్చుకున్న తరువాతే, అదీ పలచగా, మొక్కకు జానెడు దూరంలో వేసి వెంటనే నీళ్ళు పెట్టాలి.