మొక్కల అక్వేరియం, 3వ పాఠం: మన కుళాయి నీళ్లలో ఏముంది?

పోయిన పాఠంలో తొట్టి అడుగున మట్టి పరిచాం. ఇక నీళ్లు నింపాలి. ఒంగోలులో మున్సిపల్ కుళాయికి వచ్చేవి సాగర్ కాలువ నీళ్లు, మోటారు వేస్తే వచ్చేవి బోరు నీళ్లు. చూడ్డానికి తేడా తెలియదు. కానీ బోరు నీళ్లకు సబ్బు సరిగా నురగ రాదు, కుళాయి మూతికి తెల్లటి గార కడుతుంది. అందుకు కారణమైన కఠినత్వాన్ని కొలవడమే ఈ పాఠం.

నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం కలిపి జీహెచ్. బైకార్బొనేట్ల కొలత కేహెచ్. రెండింటినీ డిగ్రీల్లో చెబుతారు. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఫరవాలేదు. అంటే 11 డిగ్రీల నీళ్లూ తాగునీళ్లే, 33 డిగ్రీలవీ తాగునీళ్లే.

ఆర్వో బిగించేవాళ్లు చూపే టీడీఎస్ మీటరును నమ్మి నిర్ణయం తీసుకోకండి. అది కరిగినవన్నీ కలిపి ఒకే అంకె చెబుతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్ల బోర్లలో మామూలు ఉప్పు కూడా కలిసి ఉండొచ్చు. మీటరు 900 చూపితే అందులో కాల్షియం ఎంతో, ఉప్పెంతో తెలియదు. మొక్కకు కాల్షియం, మెగ్నీషియం ఆహారం. ఉప్పు కాదు.

కాబట్టి చుక్కల కిట్ కొనండి. చాలా కిట్లలో 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్కా వేసి కలుపుతూ పోవాలి. కేహెచ్‌కు నీలం రంగు పసుపుగా మారేసరికి ఎన్ని చుక్కలు పడ్డాయో అన్ని డిగ్రీలు. కిట్ లేకపోతే మన జిల్లాల్లో ఇంకో దారి ఉంది. రొయ్యల చెరువుల నీళ్లు చూసే ఆక్వా ల్యాబ్‌కు ఒక సీసా నీళ్లు తీసుకెళ్లి టోటల్ హార్డ్‌నెస్, ఆల్కలినిటీ చూడమనండి. వచ్చిన అంకెల్ని 17.8తో భాగిస్తే జీహెచ్, కేహెచ్ తేలతాయి.

జీహెచ్ 15 దాకా ఉంటే నేనైతే ఆ నీళ్లను మార్చే పని పెట్టుకోను, అలాగే వాడతాను. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ అనే నీటి మొక్కలు కఠిన జలంలో చక్కగా పెరుగుతాయి. టోనినా లాంటివాటికే మెత్తటి నీళ్లు కావాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) తగ్గించే మందులు మాత్రం పోయొద్దు. కేహెచ్ ఎక్కువున్న నీళ్లలో పీహెచ్ కాస్త దిగి మళ్లీ పైకెక్కుతుంది, ఆ ఎగుడుదిగుడు చేపలకు కష్టం.

తగ్గించాలంటే ఆర్వో నీళ్లు కలపడమే మేలు. బోరు 24 డిగ్రీలు, ఆర్వో దాదాపు సున్నా అనుకుందాం. 15 లీటర్ల బకెట్లో 5 లీటర్లు బోరు, 10 లీటర్లు ఆర్వో పోస్తే 8 డిగ్రీలు వస్తుంది. సాఫ్ట్‌నర్ నీళ్లు వద్దు, అది కాల్షియం తీసి బదులుగా సోడియం వదులుతుంది.

మన ఎండల్లో ఇది తప్పక గుర్తుంచుకోండి: ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఖనిజాలు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తుంటే మే నెలాఖరుకు కఠినత్వం బాగా పెరిగిపోతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లు పోయండి. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు కలిపిన నీళ్లు వాడండి. సముద్రపు ఒడ్డున ఏరిన గవ్వలు తొట్టిలో వేయకండి, అవీ కరిగి కఠినత్వం పెంచుతాయి.

ఈ వారం పని: ఇంటి కుళాయి, బోరు, ఆర్వో నీళ్ల జీహెచ్, కేహెచ్ విడివిడిగా కొలిచి, తేదీతో సహా నోటు పుస్తకంలో రాయండి. నాలుగో పాఠంలో కార్బన్ డయాక్సైడ్ లెక్కకు ఆ కేహెచ్ అంకె కావాలి.